పదకొండు నిమిషాల కరెంటు

మా కొండ మీద అరవై సౌర పలకలున్నాయి. వాటిని తుడిచేదీ కాపలా కాసేదీ నేనే. బిగించినవాళ్లు వాయింగాపు పట్నంలో పదిరోజులు పని నేర్పి, నెత్తిన నీలం టోపీ పెట్టి పంపారు. ఊళ్లో అందరూ సూర్యుడి గుమాస్తా అని నన్ను ఏడిపించేవాళ్లు. నాలుగేళ్లు బాగానే వెలిగించాను. ఆ తర్వాత ఒక పిడుగుకి కరెంటు మార్చే పెట్టె మాడిపోయింది. బ్యాటరీలు ఉబ్బిపోయి చచ్చూరుకున్నాయి.

పలకలిచ్చింది యూరప్ వాళ్లు, బిగించింది జకార్తా కంపెనీ, సంతకం పెట్టి తీసుకున్నది మా ఊరు. కంపెనీవాళ్లు పలకల గది తలుపు మీద రాసిపోయిన నంబరుకు ఫోన్ చేస్తే ఆ నంబరే లేదంది. జిల్లా ఆఫీసులో అడిగితే, అది విదేశీయుల సొత్తు, మేం ముట్టుకోకూడదన్నారు. విదేశీయులకు ఉత్తరం రాయిస్తే, అది మీ ఊరి సొత్తు, మీరే చూసుకోవాలని ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. ఏడు నెలలు కాళ్లరిగేలా తిరిగాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా చెల్లెలు కహి కడుపుతో ఉంది. అంతకుముందు దానికి ఇద్దరు పుట్టి పోయారు. ఇద్దరూ నెలలు నిండకుండానే పుట్టి, ఊపిరందక పోయినవాళ్లే. పలకలతో పాటు మా ఆరోగ్య కేంద్రానికి ఆక్సిజన్ యంత్రం ఒకటి వచ్చింది. కహి ఆశంతా దాని మీదే. కనిపించినప్పుడల్లా పెట్టె బాగైందా అన్నయ్యా అని అడిగేది. బాగవుతుందిలే అనేవాణ్ణి. ఎందుకైనా మంచిదని పాత డీజిల్ జనరేటరును తుడిచి సిద్ధంగా పెట్టి, రెండు క్యాన్ల డీజిల్ దాని కాన్పు కోసమే దాచాను.

అప్పుడు కబురొచ్చింది, పలకలిచ్చినవాళ్లు స్వయంగా చూడటానికి వస్తున్నారని. నా సంతోషం చెప్పలేను. మొహం మీదే చెప్పేద్దామనుకున్నాను. మా పెదనాన్న ఉంబు మెహాంగ్ ఊరికి పెద్ద. ఆ సాయంత్రం నన్ను పిలిపించి, దీపాలన్నీ వెలగాలి, జనరేటరు వైరు పలకల గదిలోకి కలిపెయ్యమన్నాడు. నేను బిత్తరపోయాను.

"చూడు యంగూ, మన చేతి వక్క తీసుకున్న అతిథి ముందు లేదు అనే మాట రాకూడదు. పందిని కోసి పెట్టి, ఆనక ఇది లేదు అది లేదంటే తిన్నదానికి వెల అడిగినట్టు. మీ తాత సమాధి మీద ఉమ్మేసినట్టు."

"మరి కహి సంగతేంటి పెదనాన్నా? ఆ డీజిల్ దాని కోసం దాచింది."

"దానికింకా రెండు నెలలుంది కదరా. వీళ్లు సంతోషంగా వెళ్తే ఇంకా పంపుతారు. ఏడుపు మొహాలకి ఎవడిస్తాడు?"

నేను ఒప్పుకున్నాను. నా మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. ఆయన మాట నాకూ సబబుగానే తోచింది. నిజం చెప్పాలంటే, నీలం టోపీ పెట్టుకుని చీకటి గది చూపించడం నాకూ నామోషీగానే ఉంది. వైర్లు నా చేత్తోనే కలిపాను. జనరేటరును కొండ అవతలికి, గాలి చప్పుణ్ణి మోసుకుపోయే వైపుకు, మోయించాను.

అతిథులు రెండు రోజులున్నారు. నలభై ఇళ్లలో దీపాలు వెలిగాయి. పందిని కోశారు, దాని కాలేయంలో శకునం చూసి శుభమని చెప్పారు. వచ్చినవాళ్లలో పెద్దావిడ పేరు హెల్గా. మంచి మనిషి. నాతో పలకల దాకా నడిచొచ్చి, సంచీలోంచి వక్కా సున్నం తీసి తనే నా చేతిలో పెట్టింది. మా పద్ధతి నేర్చుకుని మరీ వచ్చింది పాపం. నేను నోట్లో వేసుకున్నాక, కుపాంగ్ పట్నం నుంచి తెచ్చుకున్న దుబాసీ చేత అడిగించింది.

"ఇబ్బందులేమైనా ఉన్నాయా? ఎంత చిన్నదైనా చెప్పండి. బాగుచేయించడానికే వచ్చాం."

ఆవిడ వక్క నా దవడలో ఉంది. ఏ లోటూ లేదన్నాను. ఆవిడ నా కళ్లలోకి చూసి మళ్లీ అడిగించింది. మళ్లీ అదే చెప్పాను. పుస్తకంలో రాసుకుని, నవ్వి, నా భుజం తట్టింది. నన్ను చెప్పుతో కొట్టాలి.

వాళ్లు వెళ్లిన తొమ్మిదో రోజు పొద్దున కహికి నొప్పులొచ్చాయి. ముందు రాత్రి కురిసిన వానకి వాగు పొంగింది. పట్నం దారి లేదు, డీజిల్ తెచ్చే బండి అవతలి ఒడ్డునే ఆగిపోయింది. మధ్యాహ్నం పిల్ల పుట్టింది. ఆడపిల్ల. పెదాలు నీలంగా ఉన్నాయి. నర్సు యోవిత పిల్లను గుడ్డలో చుట్టి, నా వైపు చూసి, కరెంటు అంది. అంతే.

కొండ అవతలికి పరుగెత్తాను. ట్యాంకు ఎండిపోయి ఉంది. క్యాన్లు రెండూ బోర్లించి దులిపాను. ఇల్లిల్లూ తిరిగాను. ఉన్నదంతా మోటారుసైకిళ్ల పెట్రోలే, దీనికి పనికిరాదు. నాట్ల ట్రాక్టరు అడుగున మిగిలిన డీజిల్‌ను నోటితో పీల్చి గిన్నెలోకి దింపి తెచ్చి పోశాను. జనరేటరు అందుకుంది. నేను ఆరోగ్య కేంద్రానికి వచ్చేసరికి యంత్రం బుసబుసమంటోంది, పిల్ల పెదాలు ఎర్రబడుతున్నాయి. గట్టిగా ఏడ్చింది కూడా. కహి నన్ను చూసి నవ్వింది. పదకొండు నిమిషాలు నడిచింది. యోవిత గడియారం చూస్తూనే ఉంది.

తర్వాత ఆమె తన నోటితో ఊపిరి ఊదింది, గంటన్నర ఊదింది. బయట ఎండ మాడు పగలగొడుతోంది. అరవై పలకలూ ఆ ఎండలో నిగనిగలాడుతున్నాయి. వాటిని రాళ్లతో పగలగొట్టాలనిపించింది. పిల్లకు పేరు పెట్టకుండానే పాతిపెట్టాం.

దాచుకోలేక వారం తర్వాత కహికి అన్నీ చెప్పేశాను. డీజిల్ సంగతి దానికి తెలుసు. అతిథులు నన్ను విడిగా అడిగారని మాత్రం తెలియదు. ఎన్నిసార్లు అడిగారు అంది. రెండుసార్లు అన్నాను. లేచి మగ్గం దగ్గరికెళ్లి కూర్చుంది. ఆ రోజు నుంచి నన్ను అన్నయ్యా అని పిలవలేదు, నా వైపు చూడలేదు. పలకల గది తాళంచెవి పెదనాన్న నా దగ్గర్నుంచి తీసేసుకున్నాడు, మనసు బాగాలేనివాడి దగ్గర ఎందుకని.

మూడు నెలలకు హెల్గా మళ్లీ వచ్చింది. ఈసారి నాలుగు దేశాల అధికారుల్ని వెంటబెట్టుకొచ్చింది. మా ఊరు ఆదర్శ గ్రామమట. మమ్మల్ని చూసి వాళ్ల దేశాల్లోనూ ఇలాగే పెట్టుకుంటారట. నేను తెల్లవారకముందే వాగు దాటి అవతలి ఒడ్డున కూర్చున్నాను. వాళ్లు వక్క ముట్టకముందే, ఊళ్లో అడుగు పెట్టకముందే చెప్పాలి. బండ్లు నీళ్లలోకి దిగేలోపే అడ్డం నిలబడి, పెట్టె మాడటం, జనరేటరు, పిల్ల, అన్నీ చెప్పాను. దుబాసీ అనువదిస్తుంటే హెల్గా మొహం పాలిపోయింది. నన్ను బండెక్కించుకుంది.

ఊళ్లో దీపాలు వెలుగుతున్నాయి. తాళంచెవితో పాటు జనరేటరు వైర్లు కలిపే నా పని కూడా ఎవరికో అప్పజెప్పినట్టున్నారు. పెదనాన్న వక్కల బుట్టతో ఎదురొచ్చాడు. సంగతి విని, పాపం మేనకోడలు పోయినప్పట్నుంచీ వీడికి మతి స్థిమితం లేదని నెమ్మదిగా చెప్పాడు. నా తల నిమిరాడు కూడా. హెల్గా వినలేదు. పిల్ల తల్లిని చూడాలంది.

కహి మగ్గం ముందు కూర్చునుంది. దేశాలవాళ్లంతా గుమ్మం దగ్గర నిలబడ్డారు. హెల్గా మోకాళ్ల మీద కూర్చుని, మీ అన్న చెప్పేది నిజమేనా అని అడిగించింది.

కహి నా వైపు చూసింది. మూడు నెలల తర్వాత అదే మొదటిసారి.

"మా అన్నయ్య అబద్ధమాడడు," అంది. "పోయినసారి మీరు రెండుసార్లు అడిగితే ఏం చెప్పాడో, అదే నిజం."

దుబాసీ ఒక్క మాట పోనివ్వకుండా చెప్పాడు. హెల్గా చాలాసేపు దాని చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి, పోయినసారిలాగే పుస్తకంలో రాసుకుని, అందరితో కలిసి పలకలు చూడటానికి కొండెక్కింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. కహి మళ్లీ నేత మొదలుపెట్టింది.