మొదటి దెబ్బ

ఆగమ్మకు చదువు బడిలో రాలేదు. కిరాణా పొట్లాల కాగితాలు కూడబలుక్కుంటూ తనే నేర్చుకుంది. ఇప్పుడు పొద్దున్నే పేపర్లో రాగి కబురు వెతుకుతుంది. తవ్వి తీసే రాగిలో చిలీ ముందు, వెనకాల కాంగో, పెరూ. మన దేశంలో దొరికేది కొంచెమే. ఏ దేశంలో గని ఆగినా జహనుమా బస్తీలో తన మనవరాలు ప్రీతి నడిపే మోటర్ వైండింగ్ దుకాణం ఏమవుతుందోనని ఆమెకు దిగులు.

ఈసారి ఆ భయం నిజమైంది. చిలీలో గని ఆగి రాగి ధర ఎగబాకిన వారంలోనే పని వచ్చిపడింది. గుడిమల్కాపూర్ పూల మండీ వ్యాపారి వైకుంఠం బోరు మోటర్ కాలిపోయింది. అది ప్రీతి ఒంటరిగా ఒప్పుకున్న మొదటి పెద్ద పని. తీగ ధర చూస్తే మండిపోతోంది. కాలిన తీగ చాలదు, ఇంకా పాత రాగి తెస్తేనే కొత్త తీగ ఇస్తానని పాత సామాను కొని తీగ అమ్మే బాబురావు కబురు పంపాడు.

అల్యూమినియం తీగ చుట్టేయమన్నాడు ప్రీతి తండ్రి భిక్షపతి. “వార్నిష్ పోసినంక ఎవరు చూస్తరే లోపల?”

“ఎండాకాలం చూస్తది, బాపూ,” అంది ప్రీతి, తలెత్తకుండానే.

ఆగమ్మ పెరట్లోకి వెళ్ళి నీళ్ళు కాచుకునే రాగి కాగును బయటికి దొర్లించింది. ఆమెను అత్తారింటికి సాగనంపే రోజు ఆమె తండ్రి పొద్దు వాలేదాకా కూర్చుని దాని మీద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు కొట్టాడు. ఆ తర్వాత ఆయన్ను ఆమె చూడలేదు. ఇంట్లోంచి ఏది గడప దాటినా తిరిగి రాదేమోనని అప్పటినుంచీ ఆమెకు బెంగ.

తన కొట్లో బాబురావు కాగును నలగ్గొట్టబోతూ తిప్పి చూసి, పేరు కనబడగానే సుత్తె కింద పెట్టేశాడు.

“పేరున్న గిన్నెను మొదలు నేను కొట్టను, పెద్దమ్మా. మా తాతల కాన్నుంచి ఇదే రివాజు. పేరుగలోళ్ళే మొదటి దెబ్బ కొట్టాలె.”

ప్రీతి ముఖం వాడిపోయింది. వెనక్కి తీసుకుపోదాం పద, ఇంకేదన్నా చూద్దామంది. ఆగమ్మ కదలలేదు. ఆ చుక్కల మీద ఒకసారి వేలు నడిపింది.

“ఇది ఏ దేశపు మట్టిని విడిచొచ్చిందో ఏమో. ఇన్నేండ్లు నా పొయ్యి మీద మాడింది,” అంది. “ఇంక పనికి పోనీ బిడ్డా.”

సుత్తె అందుకుంది. దెబ్బ సూటిగా పడింది. రాగి ఖంగుమంది. మిగతా పని బాబురావు చూసుకున్నాడు.

ప్రీతి కొత్త తీగ చుట్టి, వార్నిష్ ఆరబెట్టి, మోటర్‌ను మండీకి చేర్చింది. ఫికరు పట్టలేక ఆగమ్మ కూడా ఆటో ఎక్కింది. మోటర్‌ను బోరులోకి దింపుతుంటే వైకుంఠం అనుమానంగా చూశాడు.

“లోపల రాగేనా? అల్యూమినియం గిట్ట పెట్టలేదు గద?”

ప్రీతి నోరు తెరిచేలోపే ఆగమ్మ అందుకుంది.

“రాగే. మొదటి దెబ్బ నేనే కొట్టిన.”

ఆ మాట ఆయనకు అర్థం కాలేదు. కానీ ఆమె కళ్ళల్లోకి చూసి, స్విచ్ వెయ్యమని చెయ్యి ఊపాడు. ప్రీతి స్విచ్ వేసింది. పైపు దగ్గి, గాలి వదిలి, బంతిపూల గంపల మీద నీళ్ళు కుమ్మరించింది.