పన్నెండు గ్రాములు

నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. ఇరవై ఏళ్ల అనుభవం, దానికి తగ్గ నోరు, ఈ రెండే నా ఆస్తి. మా అమ్మాయి కత్తిసాములో దిగినప్పటి నుంచి దాని కత్తులు కూడా నేనే చూసుకుంటున్నాను. తోటి పిల్లలు దాన్ని కందిరీగ అంటారు. వచ్చే నెలతో పదిహేడు నిండుతాయి కాబట్టి ఈ వయసు పోటీల్లో దానికిదే ఆఖరిది. పదకొండు దేశాల పిల్లలు వచ్చారు. చివరి ఎనిమిది మందిలో చేరితే శిక్షణ కేంద్రంలో చోటిస్తారు, లేదంటే ఈ ఆటకి నీళ్లు వదులుకోవడమే. ఇక ఒక్క గెలుపు చాలు.

ఆ కత్తి మొనలో చిన్న బుడిపె, దాని కింద సన్నటి స్ప్రింగు ఉంటాయి. ఎదుటివాళ్ల ఒంటికి తగిలి బుడిపె నొక్కుకుంటే దీపం వెలుగుతుంది. స్ప్రింగు మరీ మెత్తగా ఉండకూడదని ఆటకి ముందు రెఫరీ పరీక్ష పెడతాడు. కత్తిని నిలువుగా పట్టుకుని మొన మీద ఏడువందల యాభై గ్రాముల గుండు పెట్టి, దీపం వెలిగేలా నొక్కి వదులుతాడు. స్ప్రింగు ఆ బరువుని లేపాలి, దీపం ఆరాలి. ఆరకపోతే మొదటిసారి పసుపు కార్డు, రెండోసారి ఎర్ర కార్డు. ఎర్ర కార్డు పడితే అవతలివాళ్లకి అప్పనంగా ఒక పాయింటు.

పొద్దున ఆటల్లో మా పిల్ల పోట్లు రెండు తగిలీ దీపం వెలగలేదు. దాని చెయ్యి మరీ తేలిక. భోజనాల వేళ నేను పనిముట్ల పెట్టె తెరిస్తే కోచ్ గారు చూశారు.

"పొద్దున నెగ్గిన కత్తుల్ని కదపకండమ్మా. కావాలంటే ఇక్కడి మెకానిక్‌కి చూపిద్దాం."

"మరి నేనెందుకు వచ్చినట్టు, గోళ్లు గిల్లుకోడానికా? మీరు పిల్లని చూసుకోండి, కత్తుల సంగతి నాకొదిలేయండి."

"తేడా వస్తే?"

"వస్తే మళ్లీ ఈ పెట్టె ముట్టను."

మెట్ల కింద కూర్చుని, మెత్తబడాలని మూడు కత్తుల స్ప్రింగులూ తలో చుట్టు కత్తిరించాను. ఇంట్లో నేనే తయారుచేసిన గుండుతో మూడింటినీ పరీక్షించాను. మూడూ ఆ బరువుని కష్టపడి లేపాయి. ఇంకో వెంట్రుకవాసి తగ్గితే లేపవు. అదీ పనితనమంటే అనుకున్నాను. ఆ గర్వానికి నా చెంప నేనే పగలగొట్టుకోవాలి.

ఆట మొదలయ్యే ముందు రెఫరీ మొదటి కత్తి మీద గుండు పెట్టాడు. దీపం ఆరలేదు. మళ్లీ పెట్టాడు. ఆరలేదు. పసుపు కార్డు ఎత్తాడు.

కంచె ఇవతల నిలబడ్డ నాకు అప్పుడు గుర్తొచ్చింది. నా గుండుని తూచినప్పుడు సరిగ్గా ఏడువందల యాభై ఉంది. తర్వాత కత్తి మొన దూరడం లేదని గుండు బెజ్జం పెద్దది చేశాను. కింద పడ్డ రజను ఊడ్చి పారేశాను. మళ్లీ తూచలేదు. కొలిచాకే కత్తిరించమని దర్జీలకి పాఠాలు చెప్పే నేను తూచాక తొలిచాను. పదో పన్నెండో గ్రాములు పోయుంటాయి. అంటే ఆ తేలిక గుండుతో చూసిన మిగతా రెండు కత్తులూ ఈ పరీక్షలో ఆగిపోతాయి.

కందిరీగ రెండో కత్తి అందుకుని నా వైపు చూసింది. ఇది బాగుందా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. వద్దు అని ఒక్క మాటంటే చాలు. పక్కనే కోచ్ గారున్నారు. ఏమో, ఒక్కో స్ప్రింగు ఒక్కో రకం, ఇది నెగ్గుతుందేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తల ఊపాను.

దీపం ఆరలేదు. ఎర్ర కార్డు లేచింది. ఇంకా ఎవరూ అడుగు కదపకుండానే బోర్డు మీద సున్నా, ఒకటి పడ్డాయి.

"మూడోది ఇవ్వకే, అదీ అంతే," అని అరిచాను.

కోచ్ గారు నా వైపు తిరిగారు. "మీకెలా తెలుసు?"

"తర్వాత తిట్టండి. ముందు ఇంకో కత్తి చూడండి."

మా జట్టులో మిగతా పిల్లలు ఓడిపోయి, సంచులతో సహా బస్సెక్కేశారు. రెఫరీ ఒక్క నిమిషం గడువిచ్చాడు. భోజనాలకి ముందు మా పిల్ల చేతిలో ఓడిన అమ్మాయి ఒకతి గ్యాలరీలో కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి. పరుగెత్తాను. దాని భాష నాకు రాదు, నాది దానికి రాదు. సంచి వైపు చూపించి, మా పిల్ల వైపు చూపించాను. పక్కనున్న వాళ్లమ్మ సంచి మీద చెయ్యి వేసింది. ఆ అమ్మాయి ఆ చెయ్యి మెల్లగా తీసేసి, కత్తి నాకిచ్చింది. పరాయి బిడ్డ ఇచ్చిన కత్తి పట్టుకుని పరుగెడుతుంటే నాకు ఏడుపాగలేదు.

ఆ కత్తి పరీక్షలో నెగ్గింది. కానీ దాని పిడి వేరు, బరువు వేరు. మా పిల్ల మొదట నాలుగు పాయింట్లు వెనకబడింది. తర్వాత పళ్లు బిగబట్టి ఒక్కోటీ లాక్కొచ్చింది. నేను కంచె కడ్డీ పట్టుకుని, ఏ దేవుడికి మొక్కుతున్నానో కూడా తెలియకుండా మొక్కుతున్నాను. పదమూడు, పద్నాలుగు. ముందు పదిహేనుకి చేరినవాళ్లదే గెలుపు. ఇద్దరూ ఒక్కసారే దూకారు. ఇద్దరి దీపాలూ వెలిగాయి. అలా వెలిగితే చెరొక పాయింటు.

పద్నాలుగు, పదిహేను.

మెట్ల దగ్గర అది నా పక్కన కూలబడింది. చెమటకి తడిసిన తల నా భుజాన వాల్చింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, నన్నే ఓదార్చడం మొదలుపెట్టింది.

"కోచ్ గారు ఏమన్నా పట్టించుకోకమ్మా. కావాలని చేశావా ఏంటి. రెండోది కూడా ఆగిపోతుందని నీకు మాత్రం ఏం తెలుసు."

ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆ తల అలాగే నా భుజం మీద ఉంటుంది.

"తెలుసే," అన్నాను.

"ఎప్పుడు?"

"నువ్వు నన్ను అడిగినప్పుడే."

తల ఎత్తింది. "మరి ఎందుకు చెప్పలేదు?"

"కోచ్ గారు వింటారని."

అది నా మొహంలోకి చూసింది. లేచి, అరువు కత్తిని తువ్వాలుతో శుభ్రంగా తుడిచి, తిరిగిచ్చి రావడానికి ఒక్కతే వెళ్లింది.