ఉబ్బెత్తు ముద్ర

నేను ఒక కంపెనీ ముద్రను. సిరా ముద్రను కాదు. పిడి నొక్కితే కాగితం మీద అక్షరాలు ఉబ్బెత్తుగా లేచే ఇనుప ముద్రను. బెజవాడ గవర్నరుపేటలో ఒక పనివాడు నా మొహాన ‘సిరివాహిని ఫైనాన్స్’ అని తిరగేసి చెక్కాడు. నేను తిరగబడి ఉంటేనే జనానికి సూటిగా కనబడతాను మరి.

ఆ కంపెనీ జనం దగ్గర అప్పు తీసుకుని ఇచ్చే డిబెంచర్ల పత్రాలు రాసిన లాయరు కందాళ వైదేహి. జనం సొమ్ము తీసుకునేటప్పుడు ఉన్న ముప్పు దాచకుండా చెప్పాలన్నది చట్టం. ఆమె దాచలేదు. ‘ఈ అప్పుకు కంపెనీ ఆస్తులేవీ హామీ కావు’ అని పత్రం వెనకవైపు చీమతలకాయంత అక్షరాల్లో రాయించింది. నన్ను ముందువైపు నొక్కేవారు. జనం ముందువైపే చూసేవారు.

ఒకరోజు చర్చిలో హార్మోనియం వాయించే ఎబినేజరు మాస్టారు డిబెంచర్లు కొందామని కంపెనీ ఆఫీసుకు వచ్చాడు. ఆయనకు చూపు లేదు. వైదేహి అక్కడే ఉంది.

“లాయరుగారంట గదమ్మా మీరు. ఇందులో ఏవుందో కాస్త చదివి పెడతారా?”

ఆమె కాగితం అందుకోబోయింది. ఈలోగా ఎండీ శేషగిరి నా పిడి నొక్కి, మాస్టారి వేలు పట్టుకుని ఆ ఉబ్బు మీద పెట్టాడు. “చేత్తో చూసుకోండి మాస్టారూ. ఇంతకంటే ఏం కావాలి?”

ముసలాయన అక్షరం అక్షరం తడిమాడు. మొహం విప్పారింది. వైదేహికి కోర్టు వేళవుతోంది. “అన్నీ అందులో రాసే ఉన్నాయండి” అనేసి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు కంపెనీ చేతులెత్తేసింది. జనం నియంత్రణ సంస్థ దగ్గర మొరపెట్టుకున్నారు. ముద్ర అసలుదేనని చూపడానికి విచారణకు నన్నూ తీసుకెళ్లారు. “చెప్పమంది చట్టం. చెప్పాం. చదువుకోవడం కొనేవాళ్ల పని” అని వాదించింది వైదేహి. ఆ వాదన నిలిచింది. వెనక బెంచీ మీదున్న ఎబినేజరు ఆ గొంతు వైపు తల తిప్పాడు.

అప్పట్నుంచీ నేను వైదేహి బల్ల మీదే ఉన్నాను. పని మధ్యలో ఎవరో పిలిచినట్టు ఆమె తలెత్తేది.

“చదివి పెట్టమన్నావా?” అని జూనియర్‌ని అడిగేది.

“నేనేం అన్లేదు మేడం.”

కంపెనీని మూసేయమని ఉత్తర్వు వచ్చింది. ఆ బాధ్యత తీసుకున్న అధికారికి నన్ను అప్పగించాలి. నన్ను సంచిలో వేసుకుని బయల్దేరిన వైదేహి, దారిలో ఎబినేజరు ఇంటి ముందు కారాపింది.

“మాస్టారూ, ఆ పత్రం చదువుదామని వచ్చాను.”

గొంతు గుర్తుపట్టాడు. “చదవమ్మా.”

మొదట్నుంచీ చదివింది. హామీ కావన్న వాక్యం దగ్గర ఆయన చెయ్యెత్తాడు.

“ఇదేనా? ఇంతే మాటా?”

“అంతేనండి.”

“గుక్క తిప్పుకునేంత సేపు గూడా పట్టలేదే.”

ఆమె కాగితం మడిచింది. ఆయనే లోపలికి కేకేసి భార్యతో, “లాయరుగారికి టీ పెట్టు” అన్నాడు. ఆ టీ తాగలేక, వదల్లేక, చల్లారిపోయేదాకా వైదేహి గ్లాసు పట్టుకునే కూర్చుంది.

అధికారి నా అక్షరాలను ఆకురాయితో అరగదీయించి తన ఆఫీసు బీరువాలో పడేశాడు. ఇప్పుడు కంపెనీలకు ముద్రే తప్పనిసరి కాదట. వేరే కేసుల మీద వైదేహి ఇక్కడికి వస్తూనే ఉంటుంది. కక్షిదారులకు ప్రతి కాగితమూ పైకి చదివి వినిపిస్తుంది. “అర్థమైంది మేడం, చాల్లెండి” అంటారు వాళ్లు. ఆమె మొదటి పేజీకి తిప్పుతుంది. ఆ గదిలో లేని ఎవరి కోసమో అన్నట్టు, మళ్లీ మొదటి నుంచీ చదువుతుంది.