పది విన్నపాలు

ఎండాకాలం సెలవులు ఇచ్చిన వారానికే ఫేబీ పని వెతుక్కోవడానికి బయలుదేరింది. ఇంట్లో ఎవరూ పొమ్మనలేదు. నాన్న పంజాగుట్టలో ఒక ఆఫీసు కారు నడుపుతాడు. అమ్మ యేసుమణి ఇంట్లోనే చీరలకు ఫాల్స్ కుడుతుంది. తిండికి కొదవ లేదు, అట్లాగని మిగులూ లేదు. పిల్ల కోరిక వేరే. సాయంత్రం అలసిపోయి ఇంటికి రావాలి. గడపలో చెప్పులు విప్పుతుంటే అమ్మ, "కూసో బిడ్డా, చాయ్ పెడత" అనాలి. నాన్నను అట్లా అంటుంది. తనను మాత్రం, "వచ్చినవా? గిన్నెలు అట్లనే ఉన్నయ్ చూడు" అంటుంది.

"అమీర్‌పేటల పని దొరకనిదెవరికి?" అని నవ్వాడు నాన్న. "దేశంల ఉన్నోళ్ళంత ఈడికే ఉరుకొస్తున్నరు. పోయి అడుగు."

పోయి అడిగింది. పంజాగుట్టలో చీరల దుకాణం ముందు కాపలాదారు, "అమ్మ తప్పిపోయిందా పాపా? పేరేంది, మైకుల చెప్పిస్త" అన్నాడు. జిరాక్సు సెంటరాయన ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. "నువ్వింక బడి పిల్లవు. రేపు లేబర్ ఆఫీసోళ్ళొస్తే నువ్వు ఇంటికి పోతవ్, నేను లోపలికి పోత." జ్యూస్ బండి అన్న మంచివాడు. "పద్దెనిమిది నిండినంక రా చెల్లె. అప్పటిదాంక తాగిపో" అని సగం గ్లాసు బత్తాయి రసం ఇచ్చాడు.

మూడో రోజు, అమీర్‌పేట మెట్రో స్టేషనుకు ఎదురుగా ఒక కోచింగ్ సెంటరు మెట్లెక్కింది. మేనేజరు హనుమత్ప్రసాద్ గుంటూరు వైపు మనిషి. ఫైలులోంచి తల ఎత్తకుండానే, "ఏంటమ్మా, అడ్మిషనా?" అన్నాడు.

"కాదు సార్. పని."

అప్పుడు తల ఎత్తాడు. "వయసెంత?"

"పద్నాలుగు నిండినయ్ సార్."

"పాంప్లెట్లు పంచడానికి కింద ఆరుగురున్నారమ్మా. నువ్వు ఎండలో నిలబడక్కర్లేదు. ఇక్కడే ఫ్యాను కింద కూర్చుని పాంప్లెట్ల మీద స్టాంపు వెయ్యి, వచ్చినవాళ్ళకి ఫారాలివ్వు. సెలవులైపోయేదాకా నీదే ఆ కుర్చీ. కాకపోతే ఒక్కటి. మీకు తెలిసినవాళ్ళలో పదో తరగతి రాసిన పిల్లలుంటారు కదా? ఓ పదిమందివి రాసుకురా. పేరు, ఫోను నంబరు, ఎందులో వెనకబడ్డారో అదీ. ఫెయిలైనవాళ్ళకి మన దగ్గర నెల రోజుల కోర్సుంది. నీకు పని, వాళ్ళకి చదువు. తప్పేముంది చెప్పు?"

మెట్లు దిగేటప్పుడు ఫేబీకి కూడా తప్పేమీ కనబడలేదు.

ప్రతి గురువారం వాళ్ళ ముందుగదిలో చర్చి సంఘం స్త్రీలు ఉపవాస ప్రార్థనకు కూడతారు. ఎవరి భారం వాళ్ళు చెప్పుకుంటారు. యేసుమణి అవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటుంది. తారీకు, పేరు, ఫోను నంబరు, విన్నపం. వారమంతా తెల్లవారుజామున పేరు పేరునా ప్రార్థిస్తుంది, మధ్యలో ఫోను చేసి ఎట్లా ఉందో కనుక్కుంటుంది, నెరవేరినదాని పక్కన స్తోత్రం అని రాస్తుంది. "దేవునికి అన్నీ తెలుసు గదా, ఫోను నంబరెందుకమ్మా?" అని ఫేబీ చిన్నప్పుడు అడిగింది. "దేవునికి కాదే, మతిమరుపు నాకు" అంది తల్లి. ఆ బుక్కు బైబిలు కింద ఉంటుంది. తాళం లేదు. ముట్టొద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అయినా నాన్న కూడా ఇంతవరకు దాన్ని తెరవలేదు.

అమ్మ కూరగాయలకు పోయిన అరగంటలో ఫేబీ తెరిచింది.

ఫలితాలు వచ్చిన వారం కదా, పిల్లల చదువుల విన్నపాలే ఎక్కువ. ఒకామె కూతురు ఇంగ్లీషులో తప్పింది. ఇంకొకామె మనవడు రెండింట్లో. తొమ్మిది దొరికాయి. పదోదాని దగ్గర పెన్ను ఆగింది. అమ్మ గుండ్రటి అక్షరాల్లో ఇట్లా ఉంది: "కమలకుమారి, యూసుఫ్‌గూడ. కొడుకు లెవీ లెక్కలలో తప్పినాడు. తండ్రికి పాసైనాడని చెప్పినది. జూన్ పరీక్ష అయ్యేవరకు ఆయనకు తెలియరాదు."

ఇంకొకటి ఉంటుందేమోనని వెనక పేజీలు తిప్పింది. లేదు. సారు పది అన్నాడు. తండ్రికి తెలియదని రాస్తే, ఈ పేరు మనకొద్దులే అని కొట్టేస్తాడేమో, అప్పుడు తొమ్మిదే మిగులుతాయి. పేరు రాసింది, తల్లి పేరు, యూసుఫ్‌గూడ అని రాసింది, నంబరు రాసింది, పక్కన 'లెక్కలు' అని రాసింది. మిగతాది రాయలేదు. బుక్కును ఉన్నచోటనే, ఉన్నట్టే పెట్టింది.

కుర్చీ దొరికింది. పక్క కుర్చీలో సంగీత అని ఒక అక్క కూర్చునేది. పొద్దున్నించి ఫోన్లు చేయడమే ఆమె పని. నవ్వు మొహం. తెచ్చుకున్న సమోసా విరిచి సగం ఫేబీ చేతిలో పెట్టేది. ఫ్యాను చప్పుడుకు వినబడదని ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడేది.

నాలుగో రోజు సాయంత్రం ఫేబీ రాసిచ్చిన కాగితం ఆమె ముందుకు వచ్చింది. ఒకటి, రెండు, మూడు. మంచిగానే మాట్లాడుతున్నారు. ఒకామె ఫీజు కూడా అడిగింది. చివరిదైన పదో నంబరు ఎత్తింది మగగొంతు.

"నమస్తే అండీ. లెవీ వాళ్ళ ఇల్లేనా?"

"లెవీ నాయిన్నే మాట్లాడుతున్న. చెప్పమ్మా."

ఆయన పేరు ఏసోబు. పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో లిఫ్టు దగ్గర పని. గుడిలో అందరికంటే గట్టిగా పాడతాడు. ఫేబీ ఆ గొంతును గుర్తుపట్టింది. చెయ్యి అడ్డం పెట్టి, వద్దక్కా అనడానికి అప్పుడు సమయం ఉంది. ఒక్క మాటకు సరిపడా ఉంది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా అంతే ఉంది. కాని అంటే ఎందుకు వద్దో చెప్పాలి. స్టాంపు చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుంది.

"బాబు లెక్కల్లో తప్పాడు కదా సార్, మా దగ్గర..."

"మావోడు పాసైండమ్మా!" ఆయన నవ్వాడు. "నంబరు తప్పు కలిసినట్టుంది చూసుకో."

"కాదు సార్, లెవీనే. యూసుఫ్‌గూడ. అమ్మగారు కమలకుమారి గారు."

ఆయన నవ్వు ఆగిపోయింది. తర్వాత, మెల్లగా, "మీకెవరు చెప్పిన్రమ్మా?"

"మాకు లిస్టు వచ్చింది సార్."

ఫోను పెట్టేశాడు. సంగీత ఆ పేరు మీద గీత కొట్టి ఇంకో కాగితం ముందుకు లాక్కుంది.

ఆ సాయంత్రం గడపలో చెప్పులు విప్పుతుంటే అమ్మ బిడ్డ మొహం చూసి, "కూసో బిడ్డా, చాయ్ పెడత" అంది. ఆ చాయ్ మీగడ కట్టేదాకా ఫేబీ దాన్ని చూస్తూ కూర్చుంది.

గురువారం ప్రార్థనకు కమలకుమారి ఆలస్యంగా వచ్చింది. చాప మీద కూర్చోలేదు. పదిహేను మంది ముందు, నిలబడే అడిగింది.

"యేసుమణక్కా, దేవునికి చెప్పుకున్న మాట కోచింగోళ్ళకు ఎట్ల పోయింది?"

"ఏం మాట కమలా?"

"మా లెవీ ముచ్చట నీకు తప్ప ఎవ్వలికి చెప్పలేదు నేను. వారం దినాలైంది, ఆయన నా చేతి అన్నం ముడుతలేడు. పోరడు తప్పినందుకు కాదట. ఊరందరికి చెప్పి నాకే దాస్తివి అంటుండు. నేను ఊరందరికి చెప్పిన్నా అక్కా? నీకు చెప్పిన."

"ప్రభువు సాక్షి. నేనెవ్వరితోని..."

"మరి బుక్కు నడిచిపోయిందా?"

ఆమె వెళ్ళిపోయింది. యేసుమణి, "విన్నపాలు ఉంటే చెప్పున్రి" అని బుక్కు తెరిచింది. ఒకామె కొంగు సర్దుకుంది. ఒకామె పాటల పుస్తకంలో ఏదో వెతికింది. ఆ రోజు బుక్కులో ఒక్క విన్నపమూ ఎక్కలేదు. తలుపు పక్కన నిలబడి ఫేబీ ఇదంతా చూసింది. పనికి పోవాల్సిన వేళ దాటిపోతోంది.

మరునాడు తెల్లవారుజామున తల్లి ప్రార్థన చెవిన పడింది. గోడకు ఆనుకుని గుసగుసగా చెప్పుకుంటోంది. "నాకు యాదికొస్తలేదు ప్రభువా. కూరగాయల దగ్గర నోరు జారిన్నా? ఫాల్ ఇచ్చేకాడ ఎవరితోనన్న అన్ననా? అనే ఉంట. నన్ను క్షమించు."

చెయ్యని తప్పును వెతుక్కుంటోంది తల్లి. చేసింది దుప్పటి కింద ఉంది. తప్పు చెయ్యనివాళ్ళు అడిగిన క్షమాపణను దేవుడు ఎవరి పేరున రాసుకుంటాడో ఫేబీకి తెలియలేదు.

పనికి పోతూనే హనుమత్ప్రసాద్ ముందు నిలబడింది. "సార్, నా కాగితం నాకిచ్చేయిన్రి."

"ఎందుకమ్మా? కావాలంటే తీసుకో. కంప్యూటర్లోకి ఎక్కించేశాం." ఆయన దాచిందేమీ లేదు. "ఇద్దరు చేరారు కూడా. నీకు పుణ్యమే."

ఆ ఇద్దరికి నిజంగానే మేలు జరుగుతుందేమో. ఆ మేలు ఈ కీడును కొట్టేస్తుందా అని ఆలోచించింది. ఎంత ఆలోచించినా, తెల్లవారుజామున విన్న గుసగుస దగ్గరికే వచ్చి ఆగింది. స్టాంపును డబ్బాలో పెట్టి, "నేను రేపటి నించి రాను సార్" అని, కాగితం మడిచి పట్టుకుని ఇంటికి నడిచింది.

అమ్మ చీర అంచు కుడుతోంది. ఫేబీ కాగితం ఆమె ఒళ్ళో పెట్టింది. "నువ్వు ఎవ్వరితోని అనలేదమ్మా. నేనే."

యేసుమణి చదివింది. సూది చీరకే గుచ్చి పక్కన పెట్టింది. కొడుతుందనుకుంది ఫేబీ. కొట్టి ఉంటే బాగుండేది.

"పని కోసమా?"

"ఊఁ."

"నాకు చెప్పినవ్ సరే. నాతోని అయిపోయేదైతే మంచిగుండు. లే, నడువు."

యూసుఫ్‌గూడలో రెండో అంతస్తు. కమలకుమారి తలుపు సగం తెరిచి, తల్లీబిడ్డలను చూసి, సగంలోనే ఆపింది. లోపల లెవీ లెక్కల పుస్తకం ముందేసుకుని గోడకు తిరిగి కూర్చున్నాడు.

ఫేబీ చెప్పింది. బుక్కు తీసినది, రాసినది, ఇచ్చినది. "మా అమ్మకు తెల్వదు ఆంటీ. మా అమ్మనేమనకున్రి."

కమలకుమారి ఆ పిల్ల మొహం చూసింది. "చిన్నపిల్లవు. ఆయనకు తెల్వద్దని రాపిచ్చిన గద బుక్కుల. అది చూసుకోలేదా బిడ్డా?"

అడగడంలోనే జవాబు కూడా ఇచ్చేసింది. చూడలేదంటే అయిపోతుంది. చిన్నపిల్ల, తొందర, చూసుకోలేదు. అమ్మకు కూడా అంతే తెలుసు. అమ్మ చెయ్యి తన భుజం మీద ఉంది.

"చూసిన ఆంటీ" అంది ఫేబీ. "చూసే, అదొక్కటి రాయలే. రాస్తే పేరు కొట్టేస్తరనుకున్న."

భుజం మీద చెయ్యి కదిలింది. తీసేయలేదు, కాని బరువు మారింది.

లోపల లెవీ తల తిప్పి చూసి, మళ్ళీ గోడకు తిరిగాడు. కమలకుమారి కొంగుతో మొహం తుడుచుకుంది. యేసుమణితో అంది, "అక్కా, నలుగుట్ల నిన్నన్న మాట నాది తప్పు. ఆయన డ్యూటీ దిగినంక చెప్త, నువ్వు అనలేదని. పై గురువారం వస్తనో రానో చెప్పలేను." ఫేబీని ఏమీ అనలేదు. తలుపు మెల్లగానే వేసింది.

మెట్ల మీద తల్లి ముందు, పిల్ల వెనక. కిందికి వచ్చాక యేసుమణి వీధిలో నిలబడి కాగితం విప్పింది. ఎండ ఇంకా పోలేదు.

"ఇంక తొమ్మిది ఇండ్లున్నయ్" అంది. "ఈళ్ళకు సుత తెల్వాలె, ఎట్ల పోయిందో. చేరినోళ్ళకు సుత."

"ఇప్పుడేనా అమ్మా?"

"ఎవరిది దగ్గర?"

ఫేబీ కాగితం అందుకుని తన రాతను తానే వేలితో వెతుక్కుంది. "ఇంగ్లీషు తప్పిన పిల్లది. వెనక గల్లీలనే."

"నువ్వే ముందు నడువు."