భేష్ అన్న పాపానికి

శేషారత్నం గారి నోట "భేష్" అన్న మాట రావడమంటే మల్కాజ్‌గిరిలో మంచు కురవడమే. సంగీతం చెప్పడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఆవిడ మెచ్చుకున్న శిష్యుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటావిడ మూడు వారాలుగా లాప్‌టాప్ ముందు కూర్చుని, అవతల ఎవరు ఏం పాడినా భేష్, భేష్ అని పప్పుబెల్లాల్లా పంచిపెడుతున్నారు. పిల్లల తల్లులు సంబరపడిపోయారు. టీచరుగారు మెత్తబడ్డారని వాట్సాప్‌లో ఒకరికొకరు చెప్పుకున్నారు.

మెత్తబడటమా, పాడా! ఆవిడకి వినపడి చస్తేగా.

తెర మీద పిల్లలు నోరు తెరుస్తున్నారు, మూస్తున్నారు, చేత్తో తాళం వేస్తున్నారు. శబ్దం మాత్రం ఎక్కడో పక్క వీధిలో దోమ పాడినట్టు వస్తోంది. వాల్యూమ్ చివరి దాకా పెట్టినా అంతే. మరొకరైతే లాప్‌టాప్ పాడైందనుకుని రెండు దెబ్బలు వేసి ఊరుకునేవాళ్లు. శేషారత్నం గారికి ఆ ఆలోచన రాలేదు, ఎందుకంటే ఆవిడ గుండెల్లో ఇంకో భయం ఎప్పట్నుంచో కాచుకుని కూర్చుంది. అమలాపురంలో వాళ్ల నాన్నగారు కూడా పాఠం చెప్పినవారే. అరవై దాటగానే ఆయనకి చెవులు మందగించాయి. శిష్యులు ఆయన ముందే శ్రుతి తప్పి పాడి, వీధిలోకి వెళ్లి నవ్వుకోవడం చిన్నప్పుడు ఆవిడ కళ్లారా చూశారు. మొన్ననే ఆవిడకీ అరవై నిండాయి.

కుక్కర్ కూత వినపడుతోంది కదా అని మనసుకి సర్దిచెప్పుకునేవారు. కుక్కర్ కూత ఎవరికి వినపడదులే అని ఆ మనసే ఎదురు చెప్పేది. ఇయర్‌ఫోన్లు డ్రాయర్లోనే ఉన్నాయి. పెట్టుకుని చూడొచ్చు. పెట్టుకున్నా వినపడకపోతే ఇక తేలిపోయినట్టే కదా, అందుకని ఆ డ్రాయర్ జోలికే వెళ్లలేదు. చెవులు పోతే పాఠం పోయినట్టే, పాఠం పోతే తనకి మిగిలేదేమిటో ఆవిడకి తోచలేదు. ఎవరితోనూ చెప్పలేదు. ఈ శుక్రవారం క్లాసులయ్యాక, ఇక నేను చెప్పలేను అని అందరికీ చెప్పేద్దామని గట్టిగా అనుకున్నారు.

ఆ శుక్రవారం పొద్దున పై వాటాలో ఉండే కల్పలత వచ్చింది. వరంగల్ పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంటి తాళం ఇచ్చి వెళ్దామని వస్తే, టీచరుగారు కీబోర్డుకి చెవి ఆనించి వంగిపోయి కనిపించారు.

"ఏంది ఆంటీ, లాప్‌టాప్‌తోని గుసగుసలా?"

శేషారత్నం గారు దొంగలా లేచి నిలబడ్డారు. కల్పలత నిలబడే ఏవో రెండు మీటలు నొక్కింది, ఏదో వీడియో పెట్టి విన్నది, పెదవి విరిచింది. ఆఫీసుకు లేటవుతోందంటూ మెట్లు దిగుతూ ఏదో కేకేసి చెప్పింది. సరిగ్గా అప్పుడే స్టేషన్ వైపు నుంచి రైలు కూతపెట్టుకుంటూ పోయింది. ఆ హోరులో ఆవిడ చెవిన పడింది ఇది: "ఆటో డ్రైవర్ వల్లనే ఆంటీ ఈ తక్లీఫ్. తీసేయాలె. సాయంత్రం వచ్చి చూస్తా."

శేషారత్నం గారు కుర్చీలో కూలబడ్డారు. ఈ పిల్ల ఎంత సూక్ష్మగ్రాహి! నిజమే కదా. మోండా మార్కెట్‌కి కూరగాయలకి వెళ్లినప్పుడల్లా దయాకర్ ఆటోనే. ఆ ఆటోలో సీటు వెనకాల కొబ్బరి చిప్పలంత స్పీకర్లు రెండు, సరిగ్గా తన చెవుల పక్కనే. సంగీతం చెప్పే చెవుల్ని ఆ డప్పుల పాటలకి అప్పగించి ఇన్నేళ్లు తిరిగానే అని నుదురు కొట్టుకున్నారు. వెంటనే ఫోన్ తీశారు.

"దయాకర్, ఇక నువ్వు రావద్దు నాయనా."

"ఏమైందమ్మా? నేనేం తప్పు చేసిన?"

"నీ తప్పేం లేదు. నా ఖర్మ" అని ఫోన్ పెట్టేశారు. తర్వాత మనసు చివుక్కుమంది. పాపం, వానొచ్చినా వరదొచ్చినా గుమ్మం ముందుకొచ్చి ఆగే మనిషి.

సాయంత్రం కల్పలత ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుందో లేదో, గుమ్మంలో దయాకర్ ప్రత్యక్షమయ్యాడు. చెప్పులు విప్పి అక్కడే నిలబడ్డాడు.

"అమ్మా, ఫోన్‌ల చెప్తె మనసుకు పట్టలే. పాటల సౌండ్ ఏమన్న ఎక్కువైందా? ఒక్క మాటంటె బందు పెడ్తుంటి కదా. గిట్ల ఎవరు చెప్పిన్రు నా మీద?"

శేషారత్నం గారు కల్పలత వైపు వేలు చూపించారు. "ఇదుగో, ఈ అమ్మాయే చెప్పింది. ఆటో డ్రైవర్‌ని తీసేయమని."

కల్పలత ఒళ్లోని లాప్‌టాప్ పక్కన పెట్టింది. తర్వాత సోఫా మీద పడి నవ్వింది. "ఆటో కాదు ఆంటీ, ఆడియో. ఆడియో డ్రైవర్ అంటే ఈ లాప్‌టాప్‌ల ఉండేది. స్పీకర్‌కి ఏం చెయ్యాలో చెప్పే చిన్న ప్రోగ్రామ్. మనిషి కాదు."

దయాకర్ కూడా నవ్వాడు. శేషారత్నం గారు మాత్రం నవ్వలేదు.

"చూశావా, అది కూడా నాకు సరిగ్గా వినపడలేదు" అన్నారు. మూడు వారాలుగా దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చేసింది. నాన్నగారి సంగతి, చెవుల సంగతి, ఇవాళ్టితో పాఠం ఆపేద్దామనుకున్న సంగతి. కల్పలత నవ్వు ఆగిపోయింది.

"ఆంటీ, నేను మెట్లు దిగుకుంట చెప్పిన. అవతల రైలు పోతుండె. మా అమ్మకైనా గట్లనే వినపడ్తది" అంది మెల్లగా. "అప్‌డేట్ ఏమన్న పెట్టుకున్నరా ఈ మధ్య?"

"నేనేం పెట్టలేదు. అదే పెట్టుకుని, అదే ఆరి, అదే వెలిగింది."

"గదీ సంగతి. ఆ అప్‌డేట్ మీ పాత డ్రైవర్‌ని తీసి, ఊరూ పేరూ లేని కొత్తదాన్ని తెచ్చి కూర్చోబెట్టింది. మన స్పీకర్‌తోని దానికి పొసుగుతలేదు. మళ్ల పాత డ్రైవర్‌నే తెచ్చుకోవాలె."

దయాకర్ గుమ్మంలోంచే మెడ సాచాడు. "వింటున్నరా అమ్మా? పాత డ్రైవరే మంచోడట."

కల్పలత కొత్తదాన్ని పీకేసింది. అంతే, ఆ ఉన్న దోమ పాట కూడా పోయింది. స్పీకర్ బొమ్మ మీద ఎర్ర గుర్తు పడింది. ఉన్నదీ పోయె ఉంచుకున్నదీ పోయె అని శేషారత్నం గారు లోలోపల ఏడ్చుకున్నారు. కంపెనీ వాళ్ల సైటు నుంచి పాత డ్రైవర్ దిగేసరికి దయాకర్ టీ తాగడం కూడా అయిపోయింది. లాప్‌టాప్ ఆరిపోయి మళ్లీ వెలిగింది. వెలగ్గానే క్లాసు కోసం నరసరాజు గారు తెర మీదికి వచ్చేశారు.

నరసరాజు గారు కరెంటాఫీసులో చేసి రిటైరైన మనిషి. ఉండేది కాప్రాలో. సంగీతమంటే ప్రాణం, సంగీతానికి మాత్రం ఆయనంటే గిట్టదు. ఎప్పట్లాగే కళ్లు మూసుకుని మోహన రాగంలో గీతం అందుకున్నారు.

ఆ గొంతు గదంతా నిండిపోయింది. శేషారత్నం గారు ఉలిక్కిపడ్డారు. షడ్జం స్పష్టంగా వినపడింది. రిషభం వినపడింది. గాంధారం దగ్గరికొచ్చేసరికి రాజుగారు గుమ్మం తట్టుకున్నట్టు జారి, రెంటికీ మధ్యన ఎక్కడో చతికిలబడ్డారు. ఎంత కిందికి జారారో కూడా ఆవిడకి తెలిసిపోయింది. తాళం వేస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"ఆపండి రాజుగారూ. అది గాంధారమా? అంత అన్యాయమైన గాంధారం ఎక్కడ దొరికిందండీ మీకు?"

తిడుతుంటే కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. కల్పలత ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

అవతల నరసరాజు గారు కళ్లద్దాలు తీశారు. తల వంచుకుని వాటిని తుడవడం మొదలుపెట్టారు. పాపం, పెద్దాయన నొచ్చుకున్నారేమోనని ఆవిడకి కంగారు పుట్టింది.

"టీచరుగారూ, మూడు వారాలుగా మీరు భేష్, భేష్ అంటుంటే నాకు నిద్ర పట్టలేదండీ" అన్నారాయన. "నా పాట నాకు తెలీదా? ఇక వీడికి రాదులే అని మీరు నన్ను వదిలేశారనుకున్నాను. ఇవాళ్టితో మానేస్తానని చెబుదామనే కూర్చున్నాను."

శేషారత్నం గారు కొంగుతో ముఖం తుడుచుకుని, లాప్‌టాప్‌ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు.

"మానడం లేదు, గీనడం లేదు. ముందు ఆ గాంధారాన్ని నిలబెట్టండి" అన్నారు.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ అందుకున్నారు. ఈసారి మరీ ఘోరంగా తప్పారు. ఆవిడ ఆపకుండా, ఒక్కో తప్పునీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ చివరి దాకా విన్నారు.