నేను మానిన పొగ

మా ఆయన యాష్‌ట్రే కడగడం నా పొద్దుటి పనుల్లో ఒకటి. పెళ్ళైన కొత్తలో ఓ రోజు మర్చిపోతే మా అత్తయ్యగారు, "మగాడన్నాక ఆ మాత్రం అలవాటుంటుందమ్మా. బూడిద పారబొయ్యడానికి బద్ధకమైతే ఎలా?" అన్నారు. ఆ బూడిద వాసనకి నా ప్రాణం ఎంత లాగేదో ఆవిడకేం తెలుసు!

నేనూ కాల్చేదాన్ని. హైదరాబాదులో కాల్‌సెంటర్ రాత్రి షిఫ్టుల్లో, నిద్ర ఆపుకోవడానికి వాణి అనే స్నేహితురాలితో మెట్ల మీద పంచుకున్న సిగరెట్‌తో మొదలైంది. పెళ్ళై ఈ ఊరికి, కొత్తపేట కోడలిగా వచ్చాక ఉద్యోగం ఇంటి నుంచే చేస్తున్నాను. వంట చేసి, వడ్డించి, గిన్నెలు సర్దాక హెడ్‌ఫోన్ పెట్టుకుంటాను. మా ఆయన వెంకటకృష్ణ అరుగు మీద కుర్చీ వేసుకుని దర్జాగా కాల్చేవారు. నేను కొబ్బరితోటలో మోటారు షెడ్డు వెనక్కి పోయి, పాములుంటాయేమోనని కాళ్ళు చూసుకుంటూ నాలుగు దమ్ములు లాగి, యాలకులు నములుతూ వచ్చేదాన్ని. "రోజూ తలస్నానాలేంటి?" అని అత్తయ్యగారు అడిగితే ఉక్కపోత అనేదాన్ని.

అప్పుడు వాణి వేప్ అనే ఎలక్ట్రానిక్ సిగరెట్ పంపింది. ఇక్కడ అది అమ్మడం నిషేధమని ఇద్దరికీ తెలుసు. పెన్నులాంటి ఆ వస్తువుకి నిప్పు లేదు, బూడిద లేదు, మామిడిపండు వాసన తప్ప ఇంకో వాసన రాదు. సిగరెట్ వదిలేశానని ఎంత సంబరపడ్డానో! వాణే నన్నో టెలిగ్రామ్ గ్రూపులో చేర్చింది. అంతా సిగరెట్ నుంచి వేప్‌కి మారిన తెలుగు ఆడవాళ్ళు. లెక్చరర్లు, నర్సులు, చంటిపిల్లల తల్లులు. ఏ రుచి బాగుంటుంది, చీరల్లో ఎక్కడ దాచాలి అనే కబుర్ల మధ్య ఎవరో ఒకరు, "ఇవాళ ఎలా ఉన్నావమ్మాయ్?" అని అడిగేవారు. ఇంట్లో "కూరేంటి?" తప్ప నన్నెవరైనా ఏమైనా అడిగి చాలా కాలమైంది. ఆ ఒక్క ప్రశ్న కోసం ఫోన్ తీసి చూసుకునేదాన్ని.

కానీ సిగరెట్ ఒకచోట అయిపోతుంది. దీనికి చివరంటూ లేదు. పప్పు ఉడుకుతుంటే ఒక దమ్ము, కాల్‌కీ కాల్‌కీ మధ్య ఇంకొకటి. ఓ మధ్యాహ్నం వడియాల పళ్ళెంతో మేడెక్కుతూ ఊపిరాడక మధ్యలో కూలబడిపోయాను. ఆ సంగతి గ్రూపులో రాస్తే, అప్పటికే వేప్ కూడా వదిలేసిన నర్సు ఒకావిడ ఫోన్ చేసింది. "పొగ మార్చుకున్నావు గాని, నికోటిన్‌ని వదల్లేదు కదమ్మా. మెల్లగా తగ్గిద్దాం, నేనుంటాను" అంది. తగ్గించాను. తలనొప్పి, వణుకు, ఊరికే ఏడుపు. "ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగానికే ఇంత చిరాకా?" అన్నారు మా ఆయన. పళ్ళ బిగువున ఓర్చుకుని, చివరికి పూర్తిగా మానేశాను. గ్రూపులో వాళ్ళంతా పండగ చేశారు. మా ఇంట్లో ఎవరికీ తెలియని పండగ.

మానేసి నెల దాటాక, ఖాళీ వేప్ అత్తయ్యగారికి బీరువాలో దొరికింది. ఆవిడ దాన్ని మా ఆయనకిచ్చారు. ఆయన వేళ్ళ మధ్య సిగరెట్ పొగలు కక్కుతుండగానే, "ఆడదానివేనా నువ్వు? ఇవాళ్టితో ఇది బంద్. ఎలా మానవో నేను చూస్తాను" అని దాన్ని కాలవలో పారేశారు. నేను అప్పటికే మానేశానన్నది ఆయనతో పంచుకునేంత చవకైన గెలుపు కాదనిపించింది.

అక్కడితో ఆగితే నేనూ ఊరుకునేదాన్నేమో. ఆయన మా నాన్నగారిని కపిలేశ్వరపురం నుంచి పిలిపించారు. మా నాన్న మాణిక్యాలరావుగారంటే ఏటి మధ్య లంకల్లో పొగాకు పండించిన రైతు, ఎవరి ముందూ చెయ్యి చాచని మనిషి. హాల్లో కుర్చీ అంచున కూర్చున్నారు.

"మీ అమ్మాయికున్న అలవాటు నేను మానిపించేనండి, మావయ్యగారూ. ఇంకొకడైతే పుట్టింటికి పంపేసేవాడు."

"ఆయ్, మీ దయండి అల్లుడుగారూ" అన్నారు నాన్న, తల దించుకుని.

ఆ దించిన తల చూసి నాలో ఏదో తెగింది. గుమ్మం దగ్గర నిలబడ్డదాన్ని లోపలికి వచ్చాను.

"తలెత్తండి నాన్నగారూ. నన్నెవరూ మానిపించలేదు. ఈయన చూసేసరికే మానేసి నెల దాటింది. మొదలెట్టిందీ నేనే, మానిందీ నేనే."

"పెద్దవాళ్ళ ముందు ఏంటా మాటలు?" అన్నారు అత్తయ్యగారు. మా ఆయన ముఖం ఎర్రబడింది. నాన్న మాత్రం నన్నే చూస్తున్నారు, ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు.

"నిజంగా నీ అంతట నువ్వే మానేవా అమ్మా?"

"ఆయ్."

"నేను ఎన్నిసార్లు చుట్ట మానబోయి ఓడిపోయేనో మీ అమ్మకే తెలుసు." ఆయన కుర్చీలో నా వైపు తిరిగి కూర్చున్నారు. "చాలా గట్టిదానివమ్మా సత్యప్రియా. ఎలా మానేవో నాకూ చెప్తావా?"

ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ హాల్లో, మగవాళ్ళు ఉండగా, నేను కూర్చోవడం అదే మొదటిసారి. చెప్పడం మొదలుపెట్టాను.

"ముందు మీ నాన్నగారికి కాఫీ తీసుకురా" అన్నారు మా ఆయన.

"డికాషన్ దించే ఉందండీ, మీరు కలపండి. మేం మాట్లాడుకుంటున్నాం."