టీవీ చట్రం మింగిన ప్రాణాలు

మా ఆయన హిగాకి నడిపే కంపెనీలో ఉన్నది ఆరుగురు. నిరుటిదాకా కంప్యూటర్లకు ఆటలు రాశారు. ఒసాకాలో పిల్లలున్న ప్రతి ఇంటికీ టీవీకి తగిలించే ఆటపెట్టె వచ్చేసరికి, "మనమూ దానికే మారిపోయాం" అని ప్రకటించారు ఈయన. మారిందల్లా తలుపు మీది బోర్డు.

తొలి ఆట చెట్లెక్కి పండ్లు కోసే కోతిది. రాసినవాడు నిషివాకి. వాడు సొంతంగా రాసిన మొదటి ఆట అది. సోమవారం ఆట చిప్‌ల ఫ్యాక్టరీకి వెళ్లాలి. చిప్‌లోకి ఎక్కాక చుక్క కూడా మార్చలేరు.

శనివారం మధ్యాహ్నం వాడు నమూనా తెచ్చి మా టీవీకి తగిలించాడు. నా చేతిలో కోతి దూకింది, జారింది, చచ్చింది.

"ఇంకెన్ని ప్రాణాలున్నాయి బాబూ?"

"పైన అంకె ఉంది కదా వదినగారూ."

"ఏదీ?"

లేదు. ఆఫీసులో ఖరీదైన మానిటర్లు చూసుకుంటూ రాశారు. ఇంటి టీవీల చట్రం బొమ్మ పైవరసను మింగేస్తుంది. ఇళ్లలో ఆడే ఆటను ఇన్ని నెలల్లో ఒక్కరూ ఇంటి టీవీలో పెట్టి చూడలేదు!

నిషివాకి ముఖం పాలిపోయింది. అంకె కిందికి దించితే కొమ్మల మీద పడుతుంది. కొమ్మలు మళ్లీ గీయాలి. "రెండు రోజులు చాలు సార్," అని మా ఆయన్ను బతిమాలాడు.

"సోమవారం తప్పితే కొత్త సంవత్సరం అమ్మకాలు పోతాయోయ్. అయినా ఇది మీ వదిన టీవీకున్న రోగం. పుట్టింటివాళ్లు కొనిచ్చిందిగా!"

ఇరుగు పొరుగు మూడిళ్లలో పెట్టి చూపించాను. మూడు టీవీలకూ అదే రోగం. ఈయన పేపరు తిరగేశారు.

ఆదివారం భోజనానికి నిషివాకితో పాటు అమ్మకాల సంస్థ అధికారి ఒకాజిమా వచ్చారు. ఆయనైనా కనిపెడతారని, బీరు పోసి ఆట చేతికిచ్చాను.

"అరెరె, చచ్చిందే! ఇంకెన్ని మిగిలాయి హిగాకి గారూ?"

నిషివాకి నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నారు. "అదేనండీ మా ప్రత్యేకత! ఎన్నాళ్లు బతుకుతాడో మనిషికే తెలీదు, కోతికెందుకండీ?"

"అంకె చట్రం వెనక దాక్కుందండీ," అన్నాను.

"ఆడవాళ్లకు ఉత్కంఠ పడదండీ," అన్నారు ఈయన.

ఒకాజిమా తొడ చరిచారు. "బ్రహ్మాండం! డబ్బా మీద పెద్దక్షరాలతో వేయించండి!"

అతిథిని సాగనంపాక, గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ నిషివాకి అన్నాడు: "సార్, ఆట చివర వచ్చే నా పేరు తీసేయండి."

"అంత బాధైతే తీసేద్దాంలే. నాది పెడతాను."

సోమవారం ఈయన ఫ్యాక్టరీవాళ్లకు ఫోన్ చేసి, ఫోన్‌లోనే నడుము వంచి దండాలు పెట్టి, రెండు రోజుల గడువు అడిగారు. ఇచ్చారు. రెండు రోజులూ తన పేరు ఏ రంగులో ఉండాలో ఆలోచించారు.